పేరు లేని కంసాలి, పోల్చుకోగల చెయ్యి

శ్రీ సిటీలో ఏసీ యూనిట్లు చేసే ఒక ఫ్యాక్టరీలో నా ఉద్యోగం అతుకులు చూడడం. రాగి గొట్టాన్ని రాగి గొట్టానికి అతికే బ్రేజింగ్ లైన్ చివర నిలబడి, ప్రతి అతుకునూ ముందు కంటితో, తర్వాత లీకు పట్టే యంత్రంతో పరీక్షిస్తాం. మంట ఎక్కువైతే గొట్టం కాలి పలచబడుతుంది. తక్కువైతే అతుకు లోహం అంచు దగ్గరే గడ్డకట్టి ఆగిపోతుంది, సందులోకి దిగదు. కుదిరిన అతుకు చుట్టూ సన్నటి మెరుపు గీత ఒకటి ఎక్కడా తెగకుండా తిరిగి వస్తుంది. ఆ గీత కోసమే నాకు జీతం ఇస్తారు.

ఈ చూపు నాకు ఫ్యాక్టరీలో అబ్బింది కాదు. మాది శ్రీకాళహస్తి పక్క పల్లె. మా నాయన కంసాలి. ఆడపిల్లను కుంపటి ముందు కూర్చోబెట్టి పని నేర్పే ఆనవాయితీ మా ఇళ్ళల్లో లేదు గానీ, వెలిగారం నూరడం, పట్టకారు అందివ్వడం, కింద రాలిన పొడిని ఒక్క రవ్వ పోకుండా ఊడ్చి డబ్బాకెత్తడం మా వంతే. ఆ ఊడ్చిన మట్టిని జలగడిగేవాళ్ళు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. పని చెయ్యనివ్వని చోట చూడడం ఒక్కటే మిగులుతుంది కాబట్టి, నేను చూశాను.

పత్రికల్లో గొప్ప నగల గురించి రాసేటప్పుడు రాళ్ళ పేర్లు, బరువులు, ధరలు, ఎవరు ఎవరికి ఇచ్చారన్న కథ రాస్తారు. పని ఎట్లా జరిగిందన్నది రాయరు. ఒక నగను పనివాడి వైపు నుంచి చెప్పుకోవాలంటే తెలుగునేలకు సంబంధించి నేను ఎంచుకునేవి నిజాం వజ్రాలు కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఒక జత బంగారు చెవికమ్మలు. వాటిలో రాయి లేదు, ముత్యం లేదు. అంతా బంగారం, అంతా పనితనం. సుమారు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానివనీ, బహుశా ఆంధ్రప్రదేశ్‌వనీ మ్యూజియం చెబుతోంది. 1981లో క్రోనోస్ కలెక్షన్స్ వాళ్ళ దానంగా అక్కడికి చేరాయి. తొలికాలపు భారతీయ నగల్లో ఇంతకు మించినవి లేవన్నది నిపుణుల మాట.

చూడడానికి అవి మనం ఎరిగిన కమ్మల్లా ఉండవు. నడుమ జంట కాడల తీగ ఒకటి. దాని నుంచి రెండు వైపులకూ నలుచదరపు మొగ్గల్లాంటి దిమ్మెలు రెండు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక మొగ్గ మీద రెక్కల సింహం, ఇంకోదాని మీద ఏనుగు. రెండూ రాచజంతువులే. వాటి ఒళ్ళంతా, చుట్టూ తీగంతా, సన్న సన్న బంగారు గుండ్లు. ఇవి దండలో గుచ్చే బోలుగుండ్లు కావు. ఆవగింజ కంటే చిన్నగా, లోపల నిండుగా ఉండి, రంధ్రం లేకుండా, రేకు మీద అతికి నిలబడే పూసలు.

ఇవి ఆంధ్రవే అనుకోవడానికి ఆసరా ఒక రాతిపలక. శ్రీ సిటీలో పనిచేసేవాళ్ళకు దాన్ని చూడడం కష్టమేమీ కాదు. తడలో లోకల్ రైలెక్కి చెన్నైలో దిగి, ఎగ్మూరు మ్యూజియానికి పోతే చాలు. జగ్గయ్యపేట స్తూపం నుంచి వచ్చిన పలక అది. ఆ దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. పలక మీద చక్రవర్తి మాంధాత నిలబడి ఉంటాడు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి లాంటి ఏడు రత్నాలు. చెయ్యి పైకెత్తితే మబ్బుల నుంచి నలుచదరపు నాణేల వాన. సన్నటి ఒళ్ళు, పొడుగాటి కాళ్ళు, పెద్ద తలపాగా. అంతా చూసి వెళ్ళిపోయేవాళ్ళు చెవి దగ్గర ఆగరు. సాగిన చెవితమ్మెల నుంచి దాదాపు భుజాల దాకా దిగిన దిమ్మెల్లాంటి బరువైన కమ్మలు అక్కడే ఉన్నాయి. న్యూయార్క్ కమ్మల తరహా నగ చెక్కి ఉన్న శిల్పం తెలిసినంతలో ఇదొక్కటే. శిల్పి రాతిలో చూపించిన నగకు బంగారు జోడు సముద్రాల అవతల దొరికిందన్నమాట.

ఆ కాలపు కృష్ణా తీరంలో కంసాలి పనికి లోటు లేదు. భట్టిప్రోలు స్తూపంలో అలెగ్జాండర్ రీ 1892లో తెరిచిన రాతిపెట్టెల్లో ధాతువుతో పాటు సన్నటి రేకుతో చేసిన బంగారు పూలు దొరికాయి. కానీ పూలు చెయ్యడం వేరు, ఈ కమ్మలు చెయ్యడం వేరు.

మ్యూజియం తీసిన పెద్ద ఫొటోలను నాయనకు చూపించాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని తెరకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. సింహం బాగుందనో ఏనుగు బాగుందనో అనలేదు.

"మాటు యాడా పారలేదు పాపా," అన్నాడు. "గుండు కింద గుండు అట్లే ఉండాది చూడు. ఇంత పని మీద మాటు పారకుండా నిలిపినాడంటే, ఆయన మామూలోడు కాదు."

ఆ మాటలో ఏముందో అర్థం కావాలంటే కుంపటి దాకా వెళ్ళాలి.

బంగారాన్ని బంగారానికి అతికించడానికి మాటు వేస్తారు. మాటు అంటే బంగారంలోనే రాగి, వెండి కలిపి, అసలు బంగారం కంటే తక్కువ వేడికి కరిగేలా చేసిన లోహం. దాన్ని ఆకురాయితో పొడిగా రాకి, వెలిగారం నీళ్ళతో తడిపి, అతకాల్సిన చోట పెట్టి ఊదుగొట్టంతో మంట కొడతారు. వెలిగారం మైలను కరిగించి లోహం ముఖాన్ని శుభ్రంగా ఉంచుతుంది. మాటు కరిగి సందులోకి పీల్చుకుంటుంది. మా లైన్లో రాగి గొట్టాల మధ్య జరిగేది అచ్చంగా ఇదే. కరిగిన లోహం ఎక్కడ సందు సన్నగా ఉంటే అక్కడికి తనంతట తానే పరుగెత్తుతుంది.

ఫ్యాక్టరీలో ఆ గుణం మాకు వరం. గుండ్ల పనిలో అదే శాపం. రేకు మీద వందల గుండ్లు పక్కపక్కన పేర్చారనుకోండి. ప్రతి గుండుకూ రేకుకూ మధ్య, గుండుకూ గుండుకూ మధ్య సన్నటి సందులే. కరిగిన మాటు వాటన్నిటిలోకీ పారి నింపేస్తుంది. గుండ్లు సగం మునిగిపోతాయి. విడివిడిగా మెరవాల్సిన చోట గరుకు గచ్చు మిగులుతుంది. మంచి గుండ్ల పనిలో గుండు రేకును ఒక్క చుక్క మేరే తాకుతుంది. ఆ చుక్క దగ్గర సన్నటి మెడలాంటి అతుకు ఉంటుంది. చుట్టూ నీడ ఉంటుంది. ఆ నీడ వల్లనే గుండు గుండుగా కనబడుతుంది.

గుండ్లు చెయ్యడం దానికదే ఒక పని. బంగారాన్ని కమ్మచ్చులో దూర్చి సన్నటి తీగ లాగుతారు. దాన్ని ఒకే కొలతకు ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తారు. మూసలో బొగ్గుపొడి ఒక పొర, ముక్కలు ఒక పొర, మళ్ళీ బొగ్గుపొడి పరుస్తారు. ఒకదానికొకటి తగిలితే రెండూ కలిసి పెద్ద గుండు అయిపోతుంది. మూసను ఎర్రగా కాల్చి ఇంకా పైకి తీసుకుపోతే, ముక్క కరిగిన క్షణాన చామాకు మీది నీటిబొట్టులా తనంతట తానే గుండ్రబడుతుంది. ఎవరూ దాన్ని గుండ్రంగా చెయ్యక్కర్లేదు. చల్లారాక బొగ్గు కడిగేసి, పెద్దవీ చిన్నవీ వేరు చేస్తారు. చెప్పడానికి నాలుగు వాక్యాలు. నాయన ఒక జత బుట్టకమ్మల అంచుకు సరిపడా గుండ్లు ఏరడానికి పూట పట్టేది.

ఇక వాటిని నిలబెట్టడం. వాలుగా ఉన్న రేకు మీద, సింహం వీపు మీద, ఒక్కో గుండును తడి కుంచె కొనతో ఎత్తి పెట్టాలి. మంట గాలికి అది ఎగిరిపోకూడదు. అందుకు జిగురు కావాలి. మా ఇంట్లో ఆ జిగురు గురివింద గింజది. గింజను నానబెట్టి, ఎర్రటి పొట్టు వలిచి, లోపలి పప్పును నున్నటి రాయి మీద నీళ్ళతో అరగదీస్తే తెల్లటి జిగురు వస్తుంది. దేశంలో చాలాచోట్ల కంసాలులు వాడిన జిగురు ఇదే. తూకానికి వాడిన గింజా అదే. ఆ పప్పు విషం కాబట్టి, రాయి కడిగి, చేతులు గోళ్ళతో సహా కడుక్కునేదాకా అవ్వ ఎవరినీ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

ఈ జిగురు గుండును పట్టుకుని ఊరుకోదు. అసలు కిటుకులో దానికీ పాత్ర ఉంది. ఈ సంగతి యూరప్‌లో తేలడానికి వందేళ్ళు పట్టింది, ఆ కథ కొంచెం చెప్పుకోవాలి.

1836లో ఇటలీలోని చెర్వెతెరిలో రెగోలినీ-గలాస్సీ సమాధి బయటపడింది. అందులో క్రీస్తుపూర్వం 7వ శతాబ్దపు ఎట్రుస్కన్ నగలు. బంగారం మీద ధూళి చల్లినట్టు గుండ్లు. రోములో పేరుమోసిన నగల రూపకర్త ఫోర్తునాతో పియో కాస్తెల్లానీ, ఆయన కొడుకులు అలెస్సాండ్రో, అగుస్తో ఆ పని చూసి మతిపోగొట్టుకున్నారు. అప్పటికి యూరప్ రాజకుటుంబాలు వాళ్ళ దుకాణం మెట్లెక్కేవి. అయినా ఎంత సన్న మాటు వేసినా ఆ మెరుపు రాలేదు. చివరికి మార్కే కొండల్లోని సాంత్ ఆంజెలో ఇన్ వాదో అనే చిన్న ఊళ్ళో, పల్లె ఆడవాళ్ళ పాత తరహా నగలు ఇంకా చేస్తున్న పనివాళ్ళను వెతికి పట్టుకుని రోముకు తెచ్చుకున్నారు. వెలిగారం బదులు ఆర్సెనిక్ లవణాలు వాడారు. మాటును కంటికి ఆననంత పొడి చేశారు. గుండ్లు పేర్చే సున్నితమైన పనికి ఆడవాళ్ళను పెట్టుకుంటే బాగా కుదిరిందని కూడా అలెస్సాండ్రో చెప్పుకున్నాడు. (ఈ ముక్క చదివి నాయనకు వినిపించాను. విననట్టు ఊరుకున్నాడు.) కాస్తెల్లానీ నగలు ఇవాళ పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి, అందంగానే ఉన్నాయి. కానీ అసలు ఎట్రుస్కన్ ధూళి పని వాళ్ళకు పూర్తిగా లొంగలేదు.

1933లో ఇంగ్లండ్‌లో హెచ్.ఎ.పి. లిటిల్‌డేల్ అనే ఆయన ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అందులో మాటు లోహమే లేదు. రాగి లవణం, జిగురు, అంతే. రాగి లవణం అంటే కొండల్లో దొరికే పచ్చటి రాగిఖనిజమైనా సరే, ఇత్తడి బిందెకు పట్టే చిలుమైనా సరే. దాన్ని నూరి జిగురులో కలిపి గుండ్లు అతికిస్తారు. వేడి చేస్తూ పోతే 100 డిగ్రీల దగ్గర రాగి లవణం మారి రాగి ఆక్సైడ్ అవుతుంది. 600 దగ్గర జిగురు మాడి బొగ్గవుతుంది. 850 దగ్గర ఆ బొగ్గు ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, అచ్చమైన రాగి మిగులుతుంది. 890 దగ్గర ఆ రవంత రాగి, తాను తాకుతున్న బంగారంతో కలిసి, తాకిన చుక్క మేరే కరుగుతుంది. అచ్చమైన బంగారం కరగడానికి 1,064 డిగ్రీలు కావాలి కాబట్టి గుండూ రేకూ చెక్కు చెదరవు. పారడానికి అదనపు లోహం ఏదీ లేదు, అందుకే సందులు నిండవు. మాడిన జిగురే ఇక్కడ పనిముట్టు.

ఈ ముడిసరుకు కొత్తదేమీ కాదు. రోమన్ రచయిత ప్లినీ, సరిగ్గా మన శాతవాహనుల కాలంలో, బంగారం అతకడానికి చిలుమునూ చిన్నపిల్లవాడి మూత్రాన్నీ సవుడునూ రాగి రోట్లో నూరే పద్ధతి రాసిపెట్టాడు. చదివితే ఏదో చేతబడి సామగ్రిలా ఉంటుంది. కానీ రసాయనం సరిగ్గా ఉంది. రాగి లవణం, కాలి బొగ్గయ్యే సేంద్రియ పదార్థం, మైలను కరిగించే క్షారం, మూడూ అందులో ఉన్నాయి. లోకం నలుమూలలా కుంపటి ముందు కూర్చున్నవాళ్ళు ఎవరికి వారు ఇదే చోటికి చేరుకున్నారు.

ఆ 890కీ పైన జరిగే ప్రమాదానికీ మధ్య ఎడం తక్కువ. కంసాలి దగ్గర ఉష్ణమాపకం లేదు. నాయన ఈ పనికి పట్టపగలు కూర్చునేవాడు కాదు, కూర్చుంటే కిటికీ మూసేవాడు. వెలుతురులో లోహం రంగు మోసం చేస్తుంది. చీకట్లో ముదురెరుపు, పండు ఎరుపు, నారింజ, ఒకదాని తర్వాత ఒకటి వరసగా కనబడతాయి. నారింజ తేరుకుంటుండగా గుండ్ల మీద తళుక్కుమని ఒక మెరుపు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతుంది. ఆ క్షణాన ఊదుగొట్టం పక్కకు తిప్పాలి. రెండు లెక్కపెట్టేంత ఆలస్యమైతే అంతవరకూ పడ్డ శ్రమంతా ముద్ద. ఊపిరి కూడా తెగకూడదు. బుగ్గల్లో గాలి నిలిపి ఊదుతూనే ముక్కుతో పీల్చుకోవాలి. మా లైన్లో ఈ పనంతా ఆక్సిజన్ మీటరూ గ్యాస్ మీటరూ చూసుకుంటాయి.

ఇంతవరకూ ఒక్క అతుకు సంగతి. కమ్మల్లో అటువంటి అతుకులు వందల్లో ఉన్నాయి, అదీ ఒకే రకంవి కావు. ఆ సింహం, ఏనుగు పోతపోసిన బొమ్మలు కావు. రేకును లక్క మీద పరిచి వెనక నుంచి కొట్టి ఉబ్బించిన ముక్కలు కొన్ని, విడిగా సుత్తితో సాగదీసినవి కొన్ని, తీగ తునకలు కొన్ని, రేకు తునకలు కొన్ని, గుండ్లు. ఇవన్నీ కూర్చి కట్టిన జంతువులు. మొగ్గల అడుగున, చెవికి పెట్టుకుంటే ఎవరికీ కనబడని వైపు, పూర్ణకలశం లాంటి అలంకారం ఉంది. అక్కడా పనిలో తగ్గింపు లేదు.

ఇక్కడే నాకు ఆ మనిషి దొరికాడనిపిస్తుంది. చూసేవాళ్ళం ఏమనుకుంటాం? ముందు దిమ్మె చేసి, దాని మీద జంతువును నిలబెట్టి, చివర్లో ముస్తాబుగా గుండ్లు అద్ది ఉంటారని. అట్లా చేస్తే నగ నిలవదు. గుండ్లకు అన్నిటికంటే ఎక్కువ వేడి కావాలి. అప్పటికే మాటు వేసి కట్టిన కాళ్ళూ రెక్కలూ ఆ వేడికి ఊడి కింద పడతాయి. కాబట్టి పని తిరగేసి చెయ్యాలి. విడి ముక్కలుగా ఉన్నప్పుడే, రెక్క రెక్కగా ఉన్నప్పుడే, వీపు వీపుగా ఉన్నప్పుడే గుండ్లు అతికించాలి. తర్వాత గట్టి మాటుతో పెద్ద ముక్కలు కలపాలి. ఆ తర్వాత అంతకంటే తక్కువ వేడికి కరిగే మెత్తటి మాటుతో మిగతావి. చివరికి వచ్చేసరికి ఒక్కో అతుకు వెనకటి అతుకు కంటే తక్కువ వేడిలో అయిపోవాలి. చివర చేసినట్టు కనబడేదే మొదట చేసింది. అంటే మొదటి గుండు పెట్టేనాటికే ఆఖరి అతుకు ఎక్కడ పడుతుందో ఆయన బుర్రలో ఉండాలి. సింహం రెక్క ఎంత వంగాలో, ఏనుగు తొండం ఎటు తిరగాలో నిర్ణయించింది కంటికి అందం ఒక్కటే కాదు, అక్కడికి మంట చేరుతుందా, చేరితే పక్కది ఊడుతుందా అన్న లెక్క కూడా. గీసిన బొమ్మ దాని తర్వాతి సంగతి.

వెనకటి అతుకును కాపాడుకోవడానికి కంసాలి దాని మీద కావిమట్టి పూస్తాడు. మట్టి ఉన్నచోట మాటు కదలదు. మా లైన్లో గొట్టానికి వాల్వు అతికేటప్పుడు లోపలి రబ్బరు కాలిపోకుండా వాల్వుకు తడి గుడ్డ చుట్టి మంట పెడతారు. ట్రైనింగులో ఆ మాట చెప్పినప్పుడు నా పక్కన కూర్చున్న పిల్లలు రాసుకున్నారు. నాకు రాసుకోవాల్సిన అవసరం కనిపించలేదు.

రెండు కమ్మలూ అచ్చంగా ఒక్కలా లేవు. చిన్న చిన్న తేడాలున్నాయి. నాయన దీన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు. "అచ్చేసుంటే రెండూ ఒకే మాదిరి దిగుండేవి. దీన్ని కట్టినారు," అన్నాడు. నా ఉద్యోగంలో రెండు యూనిట్ల మధ్య తేడా కనబడితే ఎర్ర స్టిక్కరు వేస్తాను. కమ్మల మీద స్టిక్కరు వెయ్యను గానీ, ఒకే తీరుగా చెయ్యాలన్న పట్టుదల ఆయనకు లేదనీ, ఒకే బరువు తూగితే చాలుననుకుని ఉంటాడనీ మాత్రం అనుకుంటాను.

మా ప్రాంతంలో నగలంటే ముందు తిరుమల. అక్కడి నగల తీరు వేరు. అది కెంపులు, పచ్చలు, వజ్రాల నగ, గుండ్ల నగ కాదు. 1513 ఫిబ్రవరి 10న శ్రీకృష్ణదేవరాయలు కొండకు వచ్చి నవరత్న కిరీటం సమర్పించాడు, కర్పూర హారతికి 25 వెండి పళ్ళాలు ఇచ్చాడు. రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి బంగారు గిన్నెలిచ్చారు. ఈ మాటలు గుడి శాసనాల్లో ఉన్నాయి. రాళ్ళ నగకు వేడి వరస సమస్య ఇంకా గట్టిది. రాయి పొదిగాక మంట చూపిస్తే రాయి పగులుతుంది, కింద పెట్టిన తళుకు రేకు నల్లబడుతుంది, గూట్లో నింపిన లక్క కారిపోతుంది. దానికి మన కంసాలులు తెచ్చిన జవాబు కుందనం. అచ్చమైన బంగారాన్ని పలచటి రేకు చేసి, రాయి చుట్టూ సందులో పెట్టి, ఉక్కు మొనతో గట్టిగా నొక్కుతూ పోతారు. మేలిమి బంగారానికి మైల పట్టదు కాబట్టి, నొక్కుడుకే రేకూ రేకూ కలిసి ఒకటైపోతాయి. మంట లేని అతుకు అది. వేడి వరసలో ఆఖరి మెట్టు దగ్గర వేడినే తీసేశారు.

కిరీటం ఇచ్చినవాళ్ళ పేర్లు మనకు నోటికొచ్చు. రాయల కాలపు పనివాడి పేరు మాత్రం నగల దగ్గర కాదు, రాగిరేకుల దగ్గర దొరుకుతుంది. రాయలు ఇచ్చిన దానశాసనాల రాగిరేకుల చివర, చెక్కినవాడు వీరణాచార్యుడి కొడుకు మల్లణాచార్యుడని ఉంటుంది. అక్షరం చెక్కితే పేరు నిలిచింది. నగ చేస్తే తూకం నిలిచింది. న్యూయార్క్ కమ్మలు చేసినాయనకు అదీ లేదు. ఆయన గురించి మనకు తెలిసిందంతా ఆ అతుకుల్లోంచి చదువుకున్నదే. నాకైతే అది తక్కువేమీ అనిపించదు.

ఇప్పుడు గుండ్ల పని ఉన్న కమ్మలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. చాలామటుకు మైనపు అచ్చు నుంచి పోతపోసినవే. గుండ్లతో సహా ఒకే ముద్దగా దిగుతాయి. అందులో తప్పేమీ లేదు, ధర తగ్గుతుంది. కానీ కొందరు దుకాణదారులు చేతిపని అని చెప్పి తరుగు, కూలి ఆ లెక్కన కడతారు. తేడా పట్టడానికి పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దం చాలు. గుండు పైభాగం చూడొద్దు, అక్కడ అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కింద చూడండి. పోతపోసిన గుండు రేకులోంచి బొడిపెలా లేచి ఉంటుంది, మొదలు వెడల్పు, పక్క గుండుతో కలిసిపోయిన సందు. పేర్చి అతికిన గుండు కింద సన్నటి మెడ, దాని చుట్టూ వేలి గోరు కొన కూడా దూరనంత నల్లటి నీడ గీత కనబడతాయి. గుండ్లు పూర్తిగా ఒకే సైజులో ఉండవు.

కేడీఎం అన్న మాట గురించి కూడా అడుగుతుంటారు. అది మేలిమికి ఇంకో పేరు అనుకునేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అది కాడ్మియం కలిపిన మాటు. పాత మాటులో రాగి, వెండి ఎక్కువ కలపాల్సి రావడంతో నగ కరిగిస్తే వన్నె పడిపోయేది. కాడ్మియం కొంచెం కలిపితే చాలు, నూటికి 92 పాళ్ళు బంగారం ఉంచుకుని మాటు కరుగుతుంది. కొన్నవాళ్ళకు లాభం. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది, అంటే మాటు వేసే వేడిలోనే ఆ పొగ ఊదేవాడి ముక్కులోకి పోతుంది. ఊపిరితిత్తులను, మూత్రపిండాలను తినే పొగ అది. అందుకే దాన్ని పక్కనబెట్టారు. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. 22 కేరట్ల నగ మీద 916 అన్న అంకె, ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటాయి. అవి బంగారం ఎంతో చెబుతాయి. అతుకు ఎట్లా ఉందో చెప్పవు.

నాయన ఇప్పుడు కుంపటి ముట్టించేది తెగిన పట్టీలకూ ఊడిన ముక్కుపుడకలకూ. వెండికి ఎక్కువ, బంగారానికి తక్కువ. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు, ఫ్యాక్టరీ తుక్కులోంచి అడిగి తీసుకున్న రాగి గొట్టం ముక్క ఒకటి పట్టుకుపోయి, మా లైన్లో పిల్లలు వేసిన అతుకు చూపించాను. గొట్టాన్ని నిలువునా కోయించి తెచ్చాను, లోపల మాటు ఎంత దిగిందో కనబడాలని. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. బాగానే దిగిందన్నాడు. వెలిగారం వాసన రాలేదేమని అడిగాడు. ఆ కడ్డీలో భాస్వరం కలిపి ఉంటుందనీ, రాగికి రాగి అతికేటప్పుడు వెలిగారం పని అదే చేస్తుందనీ చెప్పాను. అట్లాంటి కడ్డీ ఒకటి తెచ్చియ్యమన్నాడు. ఇత్తడి చెంబుకు మాటెయ్యడానికి పనికొస్తుందేమో చూస్తాడట.